ఎకరాకు ఎన్ని మొక్కలు? – చిరుధాన్యాల్లో ఎడం లెక్క



జొన్న, సజ్జ, రాగి, కొర్ర చేలల్లో మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, ఆ ఎడం దిగుబడిని ఎలా మారుస్తుంది అన్నది ఈనాటి మన ప్రసంగ విషయం. మంచి విత్తనం కొనాలంటే డబ్బు కావాలి. ఎరువు వేయాలంటే డబ్బు కావాలి. ఎడం సరిచూసుకోవడానికి మాత్రం ఒక కొలత టేపు, కాసింత లెక్క, మొలిచిన మొక్కను పీకేసే గుండె దిటవు ఉంటే చాలు. ఈ మూడింటిలో చివరిదే కష్టం. పచ్చగా మొలిచి నిలబడ్డ మొక్కను చేతులారా పీకడానికి ఏ రైతుకూ మనసొప్పదు.

ఈ మాటలు తెలుగు రైతులందరికీ పనికొస్తాయి. అయితే ఇవాళ ప్రత్యేకంగా సూరత్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువాళ్లను తలుచుకుని మాట్లాడుతున్నాను. లింబాయత్, ఉధనా పేటల్లోనూ, ఇటు కామ్‌రేజ్ వైపు పెరిగిన కొత్త కాలనీల్లోనూ ఉంటున్న మీలో చాలామంది కుటుంబాలు తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని కోసం వచ్చినవే. ఇక్కడ మరమగ్గం, అక్కడ సొంతూళ్లో రెండో మూడో ఎకరాల చెలక. ఆ చెలకను కౌలుకిచ్చినా, అన్నదమ్ములు చూస్తున్నా, ఏం వేయాలి, ఎలా వేయాలి అన్న మాట మీదాకా వస్తూనే ఉంటుంది.

కామ్‌రేజ్ చౌరస్తాలో 48వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబడి పొలాల వైపు చూస్తే చిరుధాన్యం ఎక్కడుందని అడగాలనిపిస్తుంది. కనుచూపు మేర చెరకే. తాపీ నది మీద కాక్రాపార్ ఆనకట్ట, దాని పైన 1972లో పూర్తయిన ఉకాయ్ జలాశయం, కాలువ నీళ్లు, లోతైన నల్లరేగడి, దగ్గర్లోనే నవీ పార్డీలో సహకార చక్కెర మిల్లు. ఇన్ని కలిసొచ్చిన చోట రైతు చెరకు వైపు మొగ్గడంలో వింతేముంది? అయినా ఈ ప్రాంతానికి జొన్నతో తెగని బంధం ఉంది. చలికాలం వచ్చిందంటే సూరత్‌లో పోంక్ అంగళ్లు వెలుస్తాయి. గింజ గట్టిపడకముందే లేత జొన్న కంకుల్ని కాల్చి, నలిపి, ఆ పచ్చి గింజల్ని సేవ్‌తో కలిపి తింటారు. మన ఊళ్ల ఊచబియ్యం ఎరిగినవాళ్లకు ఆ రుచి కొత్తేమీ కాదు. సూరత్ నగరంలోనే అఠ్వా ఫారమ్‌లో నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రధాన జొన్న పరిశోధన కేంద్రం ఉంది. సూరత్‌కు ఆగ్నేయంగా డాంగ్స్ కొండల్లో, వఘాయ్‌లో, అదే విశ్వవిద్యాలయానికి మరో కేంద్రం ఉంది. అక్కడ పనంతా కొండ పంటల మీద. గుజరాతీలు నాగ్లీ అని పిలిచే మన రాగి, దానితోపాటు సామ.

ఒకే విశ్వవిద్యాలయం, ఒకే దక్షిణ గుజరాత్. మరి రెండు కేంద్రాలు దేనికి? మైదానంలో నీటిని పట్టి ఉంచుకునే రేగడి. కొండల్లో 2,000 మిల్లీమీటర్లు దాటి వాన పడినా నీరంతా వాలు వెంట జారిపోయే పలుచని నేల. నేల మారితే నీరు మారుతుంది, నీరు మారితే ఆ నేల మోయగలిగిన మొక్కల సంఖ్య మారుతుంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ముందు నీటి లెక్క వేయాలి, ఆ నీటిని బట్టి మొక్కల లెక్క వేయాలి, మొక్కల లెక్క తేలాక ఎడం నిర్ణయించాలి. మనలో చాలామంది ఇందుకు సరిగ్గా తలకిందులుగా పోతాం. ఎన్ని కిలోల విత్తనం అన్న దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం.

ముందుగా మొక్కలు పెరిగేకొద్దీ చేలో ఏం జరుగుతుందో చూద్దాం. ఎకరా దిగుబడి మూడు సంఖ్యల గుణకారం. ఎకరాలో కంకులెన్ని, కంకికి గింజలెన్ని, గింజ బరువెంత. మొక్కలు మరీ పలుచగా ఉంటే కంకి పెద్దదవుతుంది, గింజ నిండుగా ఉంటుంది, కానీ కంకుల సంఖ్య చాలదు. మధ్యలో ఖాళీ నేల మీద పడిన ఎండా, ఆ నేలలోని తేమా కలుపు పాలవుతాయి. మొక్కలు పెంచుకుంటూ పోతే దిగుబడీ పెరుగుతుంది. కొంత దూరం పోయాక పెరుగుదల ఆగుతుంది. అక్కడి నుంచి మొక్క పెరిగితే కంకి తరుగుతుంది, లెక్క సరికి సరి. ఇంకా ఒత్తుగా వేస్తే కాండం సన్నబడుతుంది, కంకి బయటికి రాని మొక్కలు ఎక్కువవుతాయి, గాలికి చేను పడిపోతుంది.

దీనిమీద లోకంలో చాలా పని జరిగింది. 1953లో జపాన్‌లో కిరా అనే శాస్త్రవేత్త బృందం సోయా మొక్కల్ని రకరకాల ఒత్తుల్లో పెంచి చూసింది. మొక్కలు ఒక హద్దు దాటాక, ఎన్ని వేసినా మొత్తం పైరు బరువు ఇంచుమించు ఒకే దగ్గర నిలిచిపోతుందని తేల్చింది. 1963లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డొనాల్డ్ పంట మొక్కల మధ్య పోటీ మీద పెద్ద సమీక్ష రాశాడు. మొత్తం పైరు బరువు నిలకడగా ఉన్నా, గింజ మాత్రం ఒక శిఖరం దాటాక తగ్గుతుందని అందులో స్పష్టంగా చెప్పాడు. రైతుకు దీని అర్థమేమిటి? మేత కోసం వేసే జొన్న ఒత్తుగా ఉన్నా నష్టం లేదు, పైగా కాండం సన్నగా ఉండి పశువు ఇష్టంగా తింటుంది. గింజ కోసం వేసే జొన్నకు అదే ఒత్తు చేటు. మేత చేనును చూసి గింజ చేనుకు విత్తనం చల్లకూడదు.

నేత పని తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పన్నెలో పోగులు మరీ పలుచనైతే బట్ట జల్లెడ అవుతుంది. పట్టినన్ని కుక్కితే పోగుకు పోగు రాసుకుని తెగుతుంది. నూలు సన్నమా లావా చూశాకే ఎన్ని పోగులో తేలుస్తారు కదా. చేనులో ఆ నూలు స్థానంలో ఉన్నది నీరు.

ఇందులో ఒక మంచి కబురూ ఉంది. ఆ దిగుబడి శిఖరం సూదిమొనలా ఉండదు, పైన కొంత చదునుగా ఉంటుంది. ఎకరాకు 60 వేల జొన్న మొక్కలున్నా, 70 వేలున్నా మామూలు సంవత్సరంలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. అందుకని ఒకటి రెండు సెంటీమీటర్ల కోసం తల పట్టుకోనక్కర్లేదు. దెబ్బ తీసేది సగటు కాదు, ఎగుడుదిగుడు. ఒకచోట జానెడు జాగాలో ఎనిమిది మొక్కలు, పక్కనే రెండు బారల ఖాళీ. ఎకరా మొత్తం లెక్కపెడితే సంఖ్య సరిపోతుంది. కానీ గుంపులో ఉన్నవి ఒకదాన్నొకటి ఎండగడతాయి, ఖాళీలో కలుపు పండుతుంది.

ఇక ఒక్కో పంటా చూద్దాం. జొన్నతో మొదలుపెడదాం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ వానాకాలం జొన్నకు హెక్టారుకు 1.80 లక్షల మొక్కలు, యాసంగి జొన్నకు 1.35 లక్షల మొక్కలు సిఫారసు చేస్తుంది. ఎకరాల్లోకి మారిస్తే వానాకాలానికి 72 వేలు, యాసంగికి 54 వేలు. సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర, పెట్టుకుంటే సాలులో మొక్కల మధ్య 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటే ఈ లెక్కకు దగ్గరగా వస్తుంది. వానాకాలానికి 12, యాసంగికి 15 దాటి కాస్త ఎక్కువే పెట్టుకున్నా తప్పులేదు.

అదే జొన్నకు రెండు కాలాల్లో రెండు లెక్కలెందుకు? వానాకాలం పంటకు పైనుంచి వానలు పడుతూ ఉంటాయి. యాసంగి జొన్నకు వాన మీద ఆశ తక్కువ, రేగడి తన కడుపులో దాచుకున్న తేమతోనే కంకి నిండాలి. లోతైన రేగడి మొత్తంగా 200 మిల్లీమీటర్ల వాన నీటికి సమానమైన తేమను మొక్కకు అందించగలదు. విత్తిన నాటి నుంచి ఆ నిల్వ తరుగుతూనే ఉంటుంది, మళ్లీ పూడేది ఉండదు. మొక్కలు ఎక్కువైతే ఆకులు పెరిగే దశలోనే నిల్వలో పెద్ద భాగం తాగేస్తాయి. పూత వేసేసరికి అడుగంటుతుంది. అప్పుడు గింజ ముడుచుకుపోతుంది. దానికి తోడు మసికుళ్లు తెగులు వస్తుంది. పూత తర్వాత తేమ కరవైన ఒత్తు చేలల్లో అది మరీ విజృంభిస్తుంది. కాండం అడుగుభాగం లోపల నల్లగా మారి, కంకి పట్టిన మొక్క మోకాలు విరిగినట్టు కూలిపోతుంది. తెగులు మందుకు పరిగెత్తే ముందు మొక్కల లెక్క చూసుకోవాల్సిన సందర్భం ఇది.

సజ్జ తీరు వేరు. సజ్జకు పిలక వేసే గుణం బాగా ఎక్కువ. ఎడం దొరికితే మొదట్లోంచి నాలుగైదు పిలకలు లేచి ఖాళీని తామే పూడుస్తాయి. అందుకే కొంత పలుచగా మొలిచినా సజ్జ రైతు దిగులు పడనక్కర్లేదు. ఇక్కడా 45 సెంటీమీటర్ల సాళ్లు, సాలులో 12 నుంచి 15 సెంటీమీటర్లే సిఫారసు. జొన్నలో మనం వేసే చాలా రకాలు పిలక తక్కువ వేస్తాయి. జొన్న చేలో పడిన ఖాళీ ఖాళీగానే మిగిలిపోతుంది. అంటే మొలక శాతం విషయంలో జొన్నకు ఎక్కువ జాగ్రత్త కావాలి, పలుచన చేసే విషయంలో సజ్జకు కొంత వెసులుబాటు ఉంటుంది.

కొర్రకు 22.5 సెంటీమీటర్ల సాళ్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు. లెక్కకు ఎకరాకు లక్షా 80 వేల మొక్కలు. సామకూ దాదాపు ఇదే పద్ధతి. ఇవి పొట్టిగా, సన్నగా, త్వరగా కోతకొచ్చే పంటలు. ఒక్కో మొక్క ఆక్రమించే జాగా తక్కువ, అందుకని సంఖ్య పెంచుకోవచ్చు. రాయలసీమ రైతులు అయిదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది వేస్తారు. కొర్ర మూడు నెలల్లోపే కోతకొస్తుంది, ఆ తర్వాత ఎడమంతా కందిదే. ఇక్కడ ఎడం జాగాలో మాత్రమే కాదు, కాలంలోనూ పెట్టారన్నమాట.

ఇప్పుడు రాగి దగ్గరికి వద్దాం. ఎడం గురించి అసలు వాదన ఈ పంట మీదే నడుస్తోంది. మన ఆంధ్రప్రదేశ్‌లో రాగి మీద విజయనగరం, తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లె కేంద్రాల్లో ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోంది. నాట్లు వేసే రాగికి స్వల్పకాలిక రకాలైతే 15 సెంటీమీటర్లకు 10, దీర్ఘకాలిక రకాలైతే 15కు 15 అని సిఫారసు. మొదటిది ఎకరాకు 2 లక్షల 70 వేల కుదుళ్లు, రెండోది లక్షా 80 వేల కుదుళ్లు.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో కర్ణాటకలోని హావేరి జిల్లా రైతులు తరాలుగా సాగు చేస్తున్న పద్ధతి ఒకటుంది. దాని పేరు గుళి రాగి. పొలంలో నిలువుగానూ అడ్డంగానూ అడుగున్నరకో గీత గీస్తారు. గీతలు కలిసిన ప్రతిచోటా చిన్న గుంట తీసి, గుప్పెడు పశువుల ఎరువు వేసి, మూడు వారాల లేత నారు రెండేసి మొక్కలు నాటుతారు. కుదురుకున్నాక, ఎద్దులతో ఒక బరువైన కొయ్యను మొక్కల మీదుగా లాగిస్తారు. దాన్ని వాళ్లు కొరడు అంటారు. చూసేవాళ్లకు పైరును చంపుతున్నారనిపిస్తుంది. మొక్క వంగి, నేలకు తగిలి, మొదట్లోంచి కొత్త వేళ్లూ కొత్త పిలకలూ పుట్టుకొస్తాయి. గీతలు రెండు వైపులా ఉండటం వల్ల గుంటకను నిలువునా అడ్డంగా తిప్పి కలుపు తీయొచ్చు. చల్లిన రాగికి ఎన్నో రెట్లు, ఎకరాకు 18, 20 క్వింటాళ్ల దాకా తీశామని అక్కడి రైతులు చెబుతారు. మన వైపు రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో భాగంగా ఈ పద్ధతి అరకు, పాడేరు ఏజెన్సీ గిరిజన రైతుల దాకా వచ్చింది.

అడుగున్నర ఎడం అంటే ఎకరాకు 20 వేల కుదుళ్లు మాత్రమే. ఒకరు 2 లక్షల 70 వేలంటారు, ఇంకొకరు 20 వేలంటారు. ఇద్దరూ పండిస్తున్నారు. ఎవరి మాట నిజం?

కాగితం, పెన్సిల్ దగ్గరుంటే ఈ లెక్క రాసుకోండి. 15కు 10 ఎడంలో చదరపు మీటరుకు 66 కుదుళ్లు పడతాయి. కుదురుకు రెండు వెన్నులు వచ్చాయనుకుందాం. చదరపు మీటరుకు 130కి పైగా వెన్నులు. అడుగున్నర ఎడంలో చదరపు మీటరుకు అయిదే కుదుళ్లు. అదే 130 వెన్నులు రావాలంటే ఒక్కో కుదురు 26, 27 వెన్నులు వేయాలి. రెండు మొక్కలు కాబట్టి ఒక్కోటి 13. అది జరిగే పనే, అయితే కొన్ని కావాలి. నేలలో సత్తువ కావాలి, అందుకే ఆ గుప్పెడు ఎరువు. పిలకలు వేసి, ఆ పిలకలు వెన్ను తీసే దాకా కాలం కావాలి, అందుకే లేత నారు, దీర్ఘకాలిక రకం. కలుపు లేకుండా నెలన్నర కాపలా కావాలి, అందుకే రెండు వైపులా గుంటక.

ఈ మూడింట్లో ఏది లోపించినా అడుగున్నర ఎడం ఖాళీ నేలగా మిగిలిపోతుంది. వాన ఆలస్యమై శ్రావణం చివర్లో ముదురు నారు నాటుతున్న రైతు, మారుతి వంటి త్వరగా కోతకొచ్చే రకాన్ని పలుచని గరప నేలలో వేస్తున్న రైతు గుళి రాగి జోలికి పోకపోవడమే మంచిది. ఆయనకు పిలకల కోసం ఎదురుచూసే తీరిక లేదు. కుదుళ్ల సంఖ్యతోనే వెన్నుల లెక్క పూర్తి చేసుకోవాలి. ఈ రెండు దారుల నడుమ 25కు 25 సెంటీమీటర్ల చదరపు నాటు ఒకటుంది. ఎకరాకు 65 వేల కుదుళ్లు, కుదురుకు ఎనిమిది వెన్నులు వస్తే అవే 130. శ్రీ చైతన్య వంటి కాస్త ఎక్కువ రోజుల రకం, మంచి నేల, సమయానికి వాన ఉన్నవాళ్లు ముందు దీనితో మొదలుపెట్టడం మేలు.

ఎడం ఎక్కువైతే ఎప్పుడూ లాభమేనా? టెక్సాస్ మెట్ట పొలాల్లో జొన్న మీద జరిగిన పని ఇందుకు తమాషా జవాబు చెప్పింది. 2006లో వెలువడిన ఆ పరిశోధనలో ఎకరాకు మొక్కల సంఖ్య మార్చలేదు, అమరిక మాత్రం మార్చారు. సాలు పొడవునా సమానంగా వేయడానికి బదులు, కొన్ని మొక్కల్ని ఒకే కుదురులో గుంపుగా వేసి, గుంపుల మధ్య దూరం ఉంచారు. గుంపులో మొక్కలు ఒకదానికొకటి నీడనిచ్చి పిలకలు తక్కువ వేశాయి. కరువు నేలలో ఆ పిలకలు ఎలాగూ కంకి తీయవు, నీటిని మాత్రం తాగేస్తాయి. పిలకలు తగ్గేసరికి ఆదా అయిన తేమ గింజ నిండే దశకు మిగిలింది, దిగుబడి పెరిగింది. ఆఫ్రికాలో నైజర్ దేశపు రైతులు ఇసుక నేలల్లో సజ్జను ఇంచుమించు మీటరు దూరంలో కుదుళ్లుగా వేసి, కుదురుకు మూడేసి మొక్కలు ఉంచే అలవాటు వెనకా ఈ బతుకు లెక్కే ఉంది. హావేరి రైతు పిలకలు కావాలని కొయ్య లాగుతున్నాడు. టెక్సాస్‌లో పిలకలు వద్దని గుంపు కడుతున్నారు. ఇద్దరూ తమ నీటిని చూసుకునే ఆ పని చేస్తున్నారు.

మన దగ్గరికే వస్తే, అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. సూరత్ వైపు 1,200 అటూ ఇటూ. కామ్‌రేజ్ రేగడిలో కాలువ తడి కూడా అందే జొన్నకు సరిపోయిన ఒత్తును, అదే విత్తనంతో పాలమూరు చెలకలో వేయించకూడదు. అలాగే చెలకలో అలవాటైన పలుచనను తెచ్చి ఇక్కడ వేస్తే, ఇంత నీరూ ఇంత నేలా కలుపుకు ధారపోసినట్టే.

ఇప్పుడు విత్తనం దగ్గరికి వద్దాం. వెయ్యి జొన్న గింజలు 25 నుంచి 30 గ్రాములు తూగుతాయి. ఎకరాకు మూడు కిలోలు వేస్తే లక్ష గింజలు దాటుతాయి. మొలవనివి, పిట్టలూ చీమలూ తిన్నవి, మొవ్వు ఈగ తగిలినవి పోగా 60, 70 వేలు నిలబడతాయి. మొవ్వు ఈగ భయం ఉన్నచోట విత్తనం కాస్త ఎక్కువ వేసి, మొవ్వు ఎండిన మొక్కల్ని పలుచన చేసేటప్పుడు ఏరి పారేయడం మంచి పద్ధతే. రాగి గింజ మరీ చిన్నది, వెయ్యి గింజలు మూడు గ్రాములు కూడా తూగవు. నాలుగు కిలోలు చల్లితే 13 లక్షల పైచిలుకు గింజలు పడ్డట్టు. మనకు కావాల్సింది రెండు, రెండున్నర లక్షల మొక్కలు. మిగతావన్నీ ఏమవుతాయి? మొలిచినన్ని మొలిచి, మొదటి ఇరవై రోజులూ అసలు మొక్కలతో పోటీపడి, వాటినీ బలహీనపరుస్తాయి. అందుకే రాగి, కొర్ర, సామ విత్తనాన్ని ఒకటికి మూడు పాళ్ల ఇసుకతో కలిపి, గొర్రుతో సాళ్లలో పోయమంటారు. ఇసుక కలిస్తే గుప్పిట్లో గింజ తగ్గుతుంది, సాలంతా సమంగా పడుతుంది. జడ్డిగంలో విత్తనం పోసే చేయి తెలిసిన చేయైతే సగం పలుచన అక్కడే అయిపోతుంది.

మిగిలిన సగం మొలిచాక చేయాలి. జొన్నలో మొలిచిన 10 నుంచి 15 రోజుల్లో, సజ్జ, రాగి, కొర్రల్లో 15 నుంచి 20 రోజుల్లో ఒత్తు మొక్కలు తీసేయాలి. నేల తడిగా ఉన్న రోజు చూసుకోండి, పక్క మొక్క వేరు కదలకుండా వస్తుంది. ముసురు పట్టిన రోజైతే మరీ మంచిది, పీకిన సజ్జ, రాగి మొక్కల్ని ఖాళీల్లో నాటినా బతుకుతాయి. నెల దాటాక పీకితే మాత్రం ఆ మొక్క తాగిన నీరు, తిన్న ఎరువు తిరిగిరావు. ఆలస్యంగా చేసే పలుచన పశువుల మేతకు తప్ప దేనికీ ఉపయోగపడదు.

మీ చేలో మొక్కలు ఎన్నున్నాయో తెలుసుకోవడానికి ఎకరమంతా లెక్కపెట్టనక్కర్లేదు. సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లుంటే, ఒక సాలులో 9 మీటర్ల పొడవు సరిగ్గా ఎకరంలో వెయ్యో వంతు. అంత పొడవులో మొక్కలు లెక్కపెట్టి వెయ్యితో గుణించండి. 60 మొక్కలుంటే ఎకరాకు 60 వేలు. సాళ్లు 30 సెంటీమీటర్లయితే 13.5 మీటర్లు కొలవాలి. 22.5 సెంటీమీటర్లయితే 18 మీటర్లు. చేలో అయిదారు చోట్ల, కళ్లు మూసుకుని కర్ర విసిరిన చోటల్లా కొలవండి. బాగున్న సాలును ఎంచుకుని కొలిస్తే ఆ లెక్క మనల్ని మనమే మోసం చేసుకోవడానికి. అయిదు లెక్కలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే విత్తడం సమంగా జరిగినట్టు. ఒకచోట 90, ఇంకోచోట 25 వస్తే, సగటు ఎంత బాగున్నా పని మిగిలే ఉంది.

చివరిగా ఒక పని అప్పగిస్తాను. ఏ సిఫారసైనా ఎన్నో నేలల సగటు. మీ నేలకు సరిపోయే సంఖ్యను మీరే కనుక్కోవచ్చు. జొన్నో సజ్జో వేసే చేలో ఒక పక్క మూడు పట్టీలు గీయండి, ఒక్కోదాంట్లో ఎనిమిది సాళ్లు. విత్తనం ఒకటే, రోజు ఒకటే, ఎరువు ఒకటే. సాళ్ల మధ్య దూరం 45 సెంటీమీటర్లే. పలుచన చేసేటప్పుడు మాత్రం మొదటి పట్టీలో మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉంచండి, ఎకరాకు 90 వేలవుతాయి. రెండో పట్టీలో 15, అంటే 60 వేలు. మూడో పట్టీలో 20, అంటే 45 వేలు. కోతకు వచ్చాక గట్టు పక్క సాళ్లను వదిలేయండి. అంచున ఉన్న మొక్కకు ఎండా తేమా అదనంగా అందుతాయి, దాన్ని చూసి మోసపోతాం. ప్రతి పట్టీలోనూ నడిమి నాలుగు సాళ్లు 9 మీటర్ల పొడవున కోసి, ఆరబెట్టి, నూర్చి తూకం వేయండి. ఆ కిలోలను 250తో గుణిస్తే ఎకరా దిగుబడి. నాలుగు కిలోలు తూగితే ఎకరాకు పది క్వింటాళ్లు.

ఆ ఏడాది వాన ఎలా పడిందో తూకం పక్కనే రాసిపెట్టుకోండి. వానలు బాగా పడిన ఏడు 90 వేల పట్టీ గెలవొచ్చు, బెట్ట పడిన ఏడు 45 వేలది గెలవొచ్చు. తేడా అరక్వింటాలు కూడా లేకపోతే, తక్కువ విత్తనం పట్టిన పట్టీనే గెలిచినట్టు లెక్క. మూడేళ్ల తూకాలు పక్కపక్కన పెట్టుకుంటే, మీ చెలక బెట్ట ఏడాదిలోనూ మోయగలిగిన మొక్కలెన్నో తేలుతుంది. ఆ సంఖ్య దగ్గర విత్తనం ఆపండి. మంచి వాన పడిన ఏడు కొంత తక్కువ పండినా, చెడ్డ ఏడు కంకి ఖాళీ పోకుండా చూసుకునేది ఆ లెక్కే.